మిర్చి సాగు: లాభమెంత? నష్టభయమెంత?

గంగారం: వరంగల్ ఎనుమాముల యార్డులో జెండా పాట హెచ్చిన మరుసటి ఏడు ఏజెన్సీ గ్రామాలలో మిర్చి నారుమళ్ళు పెరగడం రివాజు. మహబూబాబాద్ జిల్లాకు చెందిన ఈ మండలంలో పత్తి, మొక్కజొన్న, వరితో పాటు మిర్చి కూడా వేస్తున్నారు. నారు పోసేది జూలై, ఆగస్టులలో. సరుకు యార్డుకు చేరేది ఫిబ్రవరి, మార్చిలలో. రైతు చూసి వేసిన ధర ఒకటి, చేతికందే ధర వేరొకటి. పైగా జెండా పాట ఆనాటి మేలురకం సరుకుకు పలికిన ధర మాత్రమే. తాలు కాయకు, తేమ కాయకు అది రాదు.

ఎకరానికి లక్షన్నర పెట్టుబడి, 15 క్వింటాళ్ళ దిగుబడి అనుకుంటే, నూటికి నెలకు 2 రూపాయల వడ్డీ చొప్పున 8 నెలలకు వడ్డీయే 24 వేలు. క్వింటాలుకు 11,600 రూపాయలు వస్తేగాని అప్పు తీరదు. ఇంటిల్లిపాది రెక్కల కష్టం ఈ లెక్కలో లేదు. అదే బ్యాంకు పంట రుణమైతే, గడువులోగా చెల్లించేవారికి సాలుకు 4 శాతం చొప్పున వడ్డీ 4 వేలే. అంటే క్వింటాలుకు 1,300 పైచిలుకు తేడా అప్పు తెచ్చిన చోటనే వస్తున్నది. కాగా పోడు భూమికి పట్టా లేని రైతుకు బ్యాంకు అప్పు పుట్టడం కష్టం. విత్తనం, మందులు అరువిచ్చిన వ్యాపారికే సరుకు తూచవలసి వస్తుంది.

దిగుబడి పడిపోతే లెక్క తారుమారవుతుంది. 2021-22లో నల్ల తామర పురుగు పూతను నాశనం చేసింది. సరుకు కొరతతో 2022 మార్చిలో ఎనుమాములలో దేశీ మిర్చి క్వింటాలు 50 వేలు దాటింది. కాని పై లెక్కన 3 క్వింటాళ్ళే దక్కిన రైతుకు 58 వేలు వస్తేనే గట్టెక్కేది! రాష్ట్రం 2020లోనే ఫసల్ బీమా నుంచి వైదొలగినందున ఆ ఆసరా కూడా లేకపోయింది.

2017లో ఇందుకు విరుద్ధంగా సరుకు వెల్లువెత్తి ధరలు కూలగా, కేంద్రం క్వింటాలుకు 5,000 రూపాయల చొప్పున తెలంగాణలో 33,700 టన్నుల కొనుగోలుకు అనుమతించింది. 2025 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ మిర్చికి ఖరారు చేసిన ధర 11,781 రూపాయలు. పై లెక్కకు ఇది 181 రూపాయలే ఎక్కువ.

మిర్చికి మద్దతు ధర లేదు. 2025-26కు మొక్కజొన్నకు 2,400, పొడుగు పింజ పత్తికి 8,110 రూపాయలుగా ప్రకటించారు. పత్తిలో తేమ 8 శాతం మించితే ధరలో కోత పడుతుంది, 12 మించితే సి.సి.ఐ. కొనదు. లాభం స్వల్పమైనా విత్తేనాటికే ధర తెలుస్తుంది కనుక, అప్పుకు సరిపడా ఈ పంటలు వేసి, నష్టం తట్టుకోగలిగినంత మేరకే మిర్చి వేయడం క్షేమం.

ధర లేనప్పుడు శీతల గిడ్డంగిలో నిల్వ చేయడం మరో మార్గం. అయితే లక్షన్నరపై నెలకు 3 వేల వడ్డీ అంటే క్వింటాలుకు 200. గిడ్డంగి అద్దె దీనికి అదనం. నెలనెలా ధర అంతకుమించి పెరగకపోతే బస్తాలు దాచి ఫలితం లేదు.