లీకులోంచి పుట్టిన ట్యాంకు

కిందటి నవంబరులో మిన్నియాపొలిస్ నుంచి మా మేనల్లుడు వీడియో కాల్ చేశాడు. ఎప్పుడూ మొహం చూపించేవాడు, ఆ రోజు తడిసి నల్లబడ్డ కార్పెట్ ముక్క చూపించాడు.

"మామయ్యా, బండిలో మంచం కింద ఇదీ పరిస్థితి. క్రిస్మస్ సెలవులకి టెక్సస్ వెళ్దామని పిల్లలకి మాటిచ్చేశాను."

బండి అంటే మోటార్‌హోమ్. అక్కడివాళ్ళు ఆర్‌వీ అంటారు. పొయ్యి, పడక, స్నానాల గది అన్నీ చక్రాల మీదే. వాడు దాన్ని సెకండ్‌హ్యాండ్‌లో కొని ఏడాదయింది. అలాంటి బండిలో నేను కాలు కూడా పెట్టలేదు. మేడ మీది ట్యాంకులతో నలభై ఏళ్ళు కుస్తీ పట్టినవాణ్ణని మాత్రం ఇంట్లో పేరుంది. ఆ పేరు చూసుకుని అడిగాడు.

అడగడంలో తప్పేమీ లేదు. మా మేడ మీది నల్ల ట్యాంకూ, వాడి మంచం కింది పాలరంగు ట్యాంకూ ఒకే జాతివి. రెండూ పాలిథిలీన్. ఆ జాతి పుట్టుక చెప్పకుండా లీకు సంగతి చెబితే సగం కథే అవుతుంది. ఎందుకంటే పాలిథిలీన్ పుట్టిందే ఒక లీకు పుణ్యమా అని.

1933 మార్చి. ఇంగ్లండ్‌లో చెషైర్ ప్రాంతం, విన్నింగ్టన్‌లోని ఐసీఐ కంపెనీ ప్రయోగశాల. రెజినాల్డ్ గిబ్సన్, ఎరిక్ ఫాసెట్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు ఇథిలీన్ వాయువునీ బెంజాల్డిహైడ్‌నీ ఒక ఉక్కు పాత్రలో కలిపి, వాతావరణ పీడనానికి దాదాపు రెండు వేల రెట్ల ఒత్తిడిలో, 170 డిగ్రీల వేడిలో ఉంచారు. వాళ్ళు ఆశించిన చర్య జరగలేదు. పాత్ర విప్పి చూస్తే గోడలకి మైనంలాంటి తెల్లటి పదార్థం కొంచెం అంటుకుని ఉంది. మళ్ళీ తయారు చేయబోతే ఒకసారి వచ్చేది, ఒకసారి పాత్రే పేలేది. భయపడి పక్కన పెట్టేశారు.

రెండేళ్ళు దాటాక, 1935 డిసెంబరులో, అదే కంపెనీలో మైకేల్ పెరిన్ బృందం ఇంకాస్త గట్టి పరికరంతో మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి ఒత్తిడి పడిపోతూ వచ్చింది. ఒక కీలు దగ్గర లీకవుతోంది. తగ్గినంత మేరకి కొత్త ఇథిలీన్ ఎక్కించారు. చివరికి ఎనిమిది గ్రాముల తెల్ల పొడి చేతికొచ్చింది. అసలు కిటుకు తర్వాత తేలింది: కొత్తగా ఎక్కించిన ఇథిలీన్‌లో కాస్తంత ఆక్సిజన్ కలిసి ఉంది. ఇథిలీన్ అణువులు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని గొలుసు కట్టడానికి ఆ కాస్తే కావాలి. ఎక్కువైతే పేలుడు, అసలు లేకపోతే ఏమీ లేదు. ఆ రోజు పరికరం లీకవకుండా ఉంటే కొత్త గ్యాసు ఎక్కించే పనే పడేది కాదు.

1939కల్లా పాలిథిలీన్ ఫ్యాక్టరీలో తయారవడం మొదలైంది. యుద్ధంలో విమానాల రాడార్ కేబుళ్ళకి తొడుగయింది. 1953లో జర్మనీలోని మ్యూల్‌హైమ్‌లో కార్ల్ జీగ్లర్ ఆ భయంకరమైన ఒత్తిడేమీ లేకుండా, ఉత్ప్రేరకాల సాయంతో ఇంకా గట్టి రకాన్ని చేసి చూపించాడు. పదేళ్ళకి ఇటలీ శాస్త్రవేత్త గియులియో నట్టాతో కలిపి ఆయనకి నోబెల్ ఇచ్చారు. బకెట్లు, బిందెలు, పైపులు, ట్యాంకులు అన్నీ ఆ దారిలోనే మన ఇళ్ళకి చేరాయి.

ట్యాంకు చేసే పద్ధతి తెలుసుకుంటే లీకు ఎక్కడ వస్తుందో సగం తెలిసినట్టే. ఆత్రేయపురం పూతరేకు ఎలా వస్తుంది? వేడెక్కిన కుండ మీద పిండినీళ్ళ గుడ్డ తగలగానే పలచటి పొర కడుతుంది. ఇక్కడ పొర కట్టేది కుండ లోపలివైపు. బోలుగా ఉన్న లోహపు అచ్చులో పాలిథిలీన్ పొడి పోసి, మూత బిగించి, పెద్ద కొలిమిలో పెట్టి, అటూ ఇటూ రెండు ఇరుసుల మీద నెమ్మదిగా తిప్పుతారు. పొడి కరిగి అచ్చు లోపలంతా పొరగా పేరుకుంటుంది. చల్లార్చి విప్పితే అతుకన్నది లేని ట్యాంకు బయటికొస్తుంది. గుజరాత్‌లోని కలోల్‌లో 1970లలో ఈ పద్ధతిలో చేసిన సింటెక్స్ ట్యాంకులే మన మేడలెక్కి, చివరికి ఆ పేరే ట్యాంకుకి మారుపేరయింది. మోటార్‌హోముల మంచినీళ్ళ ట్యాంకులు కూడా చాలావరకు ఇలాగే తయారవుతాయి.

అతుకు లేదన్నాను కదా. నీళ్ళు లోపలికి రావాలి, బయటికి పోవాలి, గాలి ఆడాలి. వాటికోసం ట్యాంకుకి రంధ్రాలు చేసి మూతులు అతుకుతారు. మూతిని బొంగరంలా గిర్రున తిప్పుతూ రంధ్రానికి అదిమితే రాపిడికి రెండూ కరిగి కలిసిపోతాయి. ఏ జబ్బొచ్చినా ఇక్కడే వస్తుంది. మేడ మీద ట్యాంకు కదలకుండా కూర్చుంటుంది. మోటార్‌హోమ్ ట్యాంకు మాత్రం రోడ్డు మీద పరిగెడుతుంది. నలభై గ్యాలన్ల ట్యాంకులో నూట యాభై కిలోల నీళ్ళుంటాయి. బ్రేకు వేసినప్పుడల్లా ఇద్దరు మనుషుల బరువు ముందుకొచ్చి గోడకి గుద్దుకుంటుంది. పలచటి గోడ కాస్త వంగుతుంది, మందపాటి మూతి వంగదు. ఆ రెండూ కలిసే గీత మీద ఏళ్ళ తరబడి అలసట పేరుకుంటుంది.

ఇది నాకు తెలుసు. కానీ వేల మైళ్ళ అవతల ఉన్న ట్యాంకుకి వైద్యం ఫోన్లోనే చెయ్యాలి. అందుకని ముందు పంపు సంగతి అడిగాను.

మోటార్‌హోమ్‌లో ట్యాంకుకి ఒత్తిడి ఉండదు. పక్కనే 12 వోల్టుల చిన్న పంపు ఉంటుంది. కుళాయి తిప్పితే పైపులో ఒత్తిడి తగ్గి పంపు మొదలవుతుంది. కట్టేస్తే ఒత్తిడి మూడు బార్ల దాకా పెరిగి తనంతట తనే ఆగిపోతుంది. రాత్రి అందరూ పడుకున్నాక, ఏ కుళాయీ తిప్పకుండానే పంపు ఉండుండి 'గుర్ర్' మంటే, పంపు దాటాక ఎక్కడో పైపు కారుతోందన్నమాట. లేదా పంపులోని వాల్వే నీటిని వెనక్కి వదులుతోందన్నమాట. పంపు నోరు మెదపకుండా ఉండి ట్యాంకు మాత్రం ఖాళీ అవుతుంటే దోషం పంపుకి ఇవతల, అంటే ట్యాంకులోనో దాని మూతుల్లోనో ఉంది.

"పంపు రాత్రంతా ఊరుకుంది మామయ్యా. నిండుగా పోస్తే పొద్దున్నకి మూడింట రెండొంతులకి వస్తోంది. ఆ తర్వాత దిగట్లేదు."

చివరి మాటతో రోగం బయటపడింది. చిల్లు ఉన్న మట్టం వరకే నీరు కారుతుంది. అక్కడికి దిగాక ఆగిపోతుంది. 1644లో టోరిచెల్లి చెప్పిన సూత్రం ప్రకారం చిల్లులోంచి నీరు దూకే వేగం దాని మీదున్న నీటి ఎత్తు వర్గమూలానికి అనుపాతంలో ఉంటుంది. ఎత్తు నాలుగో వంతుకి తగ్గితే వేగం సగమవుతుంది. అందుకే మొదట గబగబా, చివర్లో చుక్కచుక్కగా. లెక్క వేస్తే, ఇరవై సెంటీమీటర్ల నీటి కింద ఒక్క మిల్లీమీటరు చిల్లు గంటకి మూడు లీటర్లకి పైగా పారబోస్తుంది. మంచం కింద చెరువు కావడానికి ఒక్క రాత్రి చాలు.

కార్పెట్ తడిసిన చోటే చిల్లు ఉందని వాడి నమ్మకం. నీరు పల్లమెరుగు. పైన కారిన చుక్క గోడ వెంట జారి, కట్టు పట్టీ మీదుగా పాకి, ఏ మూల పల్లముంటే అక్కడ తేలుతుంది. నీళ్ళలో కేకులకి వేసే ఎర్రరంగు కలిపి, ప్రతి మూతి చుట్టూ తెల్ల టిష్యూ కాగితం చుట్టి గంటాగమన్నాను. కార్పెట్ తడిసింది కుడివైపు. కాగితం ఎరుపెక్కింది ఎడమవైపు, పైనున్న నీళ్ళు పోసే మూతి దగ్గర. చూస్తే అరంగుళం చీలిక, వెంట్రుకంత సన్నం.

నాతో చెప్పకుండానే వాడొక పని చేసేశాడు. హార్డ్‌వేర్ షాపులో రెండు ట్యూబుల ఎపాక్సీ కొని కలిపి మెత్తాడు. గట్టిపడ్డాక గోటితో లాగితే పెనం మీంచి అట్టు లేచినట్టు చక్కగా మొత్తం లేచొచ్చింది. జిగురు పట్టాలంటే ముందది ఉపరితలాన్ని తడిపి పరుచుకోవాలి, అందులో ఏదో ఒకదాన్ని పట్టుకోవాలి. పాలిథిలీన్‌లో ఉన్నదంతా కార్బన్, హైడ్రోజన్. విద్యుదావేశపు తేడాలు దాదాపు లేవు, పట్టు దొరకదు. కొవ్వొత్తికి జిగురు రాసినట్టే. విన్నింగ్టన్‌లో ఆ తెల్ల పదార్థాన్ని మైనం అనుకోవడం పొరపాటేమీ కాదు, అది మైనానికి పొడుగాటి చుట్టమే.

మైనానికి మైనమే మందు. ట్యాంకు ఖాళీ చేసి, ఆరబెట్టి, అదే జాతి ప్లాస్టిక్ కడ్డీని వేడిగాలి గన్నుతో కరిగించి అతకాలి. పాలిథిలీన్ 120, 130 డిగ్రీలకి మెత్తబడి తేటబారుతుంది. అప్పుడు కడ్డీలోని గొలుసులు, గోడలోని గొలుసులు దారపు ఉండల్లా చిక్కుపడిపోతాయి. చల్లారాక అది అంటించినట్టు ఉండదు, ఒకటే వస్తువు. పై పొర ఎండకీ గాలికీ పాతబడి ఉంటుంది కనుక దాన్ని ముందు గీకెయ్యాలి.

అంతకన్నా ముందు చీలిక రెండు కొసల్లో చిన్న డ్రిల్లుతో గుండ్రటి రంధ్రాలు వెయ్యమన్నాను. "చిల్లు పూడ్చమంటే ఇంకో రెండు వేయిస్తున్నావేంటి?" అన్నాడు. బట్టల కొట్టువాడు కత్తెరతో ఒక గాటు పెట్టి రెండు చేతులతో లాగితే గుడ్డ సర్రున చిరుగుతుంది. గాటు లేకపోతే బలవంతుడి వల్ల కూడా కాదు. ఒత్తిడంతా ఆ సూదిమొన మీదే పోగవుతుంది. మొనని గుండ్రం చేస్తే ఒత్తిడి చుట్టూ పంచుకుపోయి చీలిక నడక ఆగుతుంది. ఆ తర్వాతే అతుకు.

మూతికి పైపు బిగించేటప్పుడు చుట్టే తెల్ల టేపుకీ ఇలాంటి కథే ఉంది. వెనకటికి మన ప్లంబర్లు జనపనార చుట్టి పెయింటు పూసేవాళ్ళు, ఇప్పుడు టెఫ్లాన్ టేపు. 1938 ఏప్రిల్‌లో అమెరికాలో డ్యుపాంట్ కంపెనీలో రాయ్ ప్లంకెట్ ఒక గ్యాసు సిలిండర్ వాల్వు తిప్పితే ఏమీ రాలేదు. లీకై పోయిందనుకోవాలి. తూకం వేస్తే బరువు మాత్రం తగ్గలేదు. రంపంతో కోసి చూస్తే లోపల తెల్లటి జారుడు పొడి. గ్యాసే గొలుసు కట్టి టెఫ్లానయింది. లీకు వల్ల పుట్టింది ట్యాంకు, లీకయిందనుకుంటే దొరికింది టేపు.

ఇదంతా నవంబరులోనే ఎందుకంటే, జనవరి రాత్రుల్లో మిన్నియాపొలిస్‌లో సగటున సున్నాకి పది డిగ్రీలకు పైగా కిందికి దిగుతుంది. అప్పుడు గ్యారేజీలో వేడిగాలి గన్ను పట్టుకున్నా లాభం లేదు. ఇంకో సంగతి, చలిలో నీరు తన బుద్ధి చూపిస్తుంది. నాలుగు డిగ్రీల దాకా కుదించుకుంటూ వచ్చి, అక్కడి నుంచి వ్యాకోచించడం మొదలుపెడుతుంది. గడ్డకట్టేసరికి తొమ్మిది శాతం పెరుగుతుంది. ఫ్రీజర్లో మర్చిపోయిన గాజు సీసా గతే పైపులకీ. పైపు సాధారణంగా ఐసు ఉన్నచోటే పగలదు. ఐసు బిరడా పెరుగుతూ, తనకీ మూసిన కుళాయికీ మధ్య చిక్కిన నీటిని నొక్కుతుంది. పగిలేది అక్కడ. సగం నిండిన ట్యాంకుకి పైన ఖాళీ ఉంటుంది కనుక కాస్త తట్టుకుంటుంది, పైపులకి ఆ వెసులుబాటు లేదు. యూరప్ మోటార్‌హోములు కొన్నింటిలో బాయిలరుకి ఒక వాల్వు ఉంటుంది. మూడు డిగ్రీలకి దిగగానే అదే తెరుచుకుని నీళ్ళన్నీ రోడ్డు మీద పారబోస్తుంది. కొత్తగా కొన్నవాళ్ళు బండి కింద మడుగు చూసి లీకనుకుని హడలిపోతారట.

మావాడి బండికి అలాంటివేమీ లేవు. అందుకని ట్యాంకు పొడిగా ఉంచి, పైపుల్లోకి గులాబీ రంగు ప్రొపిలీన్ గ్లైకాల్ ద్రవం ఎక్కించాడు. కార్ల రేడియేటర్లలో పోసే ఇథిలీన్ గ్లైకాల్ విషం, దీని జోలికి అది రాకూడదు. అతుకు వేశాక ముందు నిండా నీళ్ళు పోసి రెండు రోజులు చూసి, ఆ తర్వాతే ఖాళీ చేసి ఈ పని చేశాడు.

డిసెంబరు మూడో వారంలో బయల్దేరారు. ఇంటర్‌స్టేట్ 35 మిన్నెసోటాలోని డులూత్ దగ్గర మొదలై టెక్సస్‌లోని లరేడో దాకా పోతుంది. దారిలో అయోవా. అక్కడ ఆ రోడ్డుకి కాస్త పడమరగా ఫారెస్ట్ సిటీ అనే చిన్న ఊరు. ఫర్నిచర్ కొట్టు నడిపే జాన్ కె. హాన్సన్ 1958లో ఊరికి పనులు కల్పించాలని ట్రైలర్ల ఫ్యాక్టరీ పెట్టించాడు. 1966 నుంచి అక్కడ మోటార్‌హోములు వచ్చాయి. వాటి పేరు విన్నెబాగో అమెరికాలో ఇలాంటి బండ్లన్నిటికీ పేరయిపోయింది, మన దగ్గర సింటెక్స్ అయినట్టే. అంతకు ముందే, 1885లో, గోర్డన్ స్టేబుల్స్ అనే స్కాట్లండ్ డాక్టరు సరదా ప్రయాణానికి గుర్రాలు లాగే ఇల్లు కట్టించుకుని ఇంగ్లండ్ నుంచి ఇన్వర్నెస్ దాకా వెళ్ళాడు. ముందు దారి చూడడానికి సేవకుణ్ణి ట్రైసికిల్ మీద పంపేవాడు. ఇదంతా ఫోన్లో చెబుతుంటే "మామయ్యా, సిగ్నల్ పోతోంది" అన్నాడు.

ఓక్లహోమా దాటేదాకా సీసాల నీళ్ళే. డాలస్ దగ్గర చలి తగ్గాక పైపులు కడిగి ట్యాంకు నింపారు. మూతి చుట్టూ మళ్ళీ టిష్యూ కాగితం చుట్టి పడుకోమన్నాను. పొద్దున్నే ఫోటో పంపాడు. కాగితం పొడిగానే ఉంది, మీద మాత్రం పిల్లలెవరో పెన్సిలుతో చేప బొమ్మ గీశారు.