మీకు తెలుసా? దౌర్బల్య మెఱుగని విద్యుత్ప్రాణి
పోకెమాన్ క్రీడలయందలి 18 వర్గములలో విద్యుద్వర్గమునకు దౌర్బల్యము ఒక్క భూవర్గము వలననే కలుగుచుండగా, 2010లో వెలువడిన ‘బ్లాక్’, ‘వైట్’ క్రీడలతో అవతరించిన ఈలెక్ట్రాస్ అను విద్యుత్ప్రాణికి, నేలను తాకక గాలిలో తేలు ‘లెవిటేట్’ గుణముండుటచే, ఆ ఒక్క దౌర్బల్యమును లేదు.

జట్టులోని ఆరు ప్రాణులును ఒకే వర్గమునకు చెందవలెనను నియమముతో సాగు పోటీలలో ఇది అమూల్యము. ఏలయన ‘ఎర్త్‌క్వేక్’ అను భూకంపప్రహారము తక్కిన విద్యుత్ప్రాణులలో పెక్కింటిని రెట్టింపు బలముతో మోదును, పైగా విద్యుత్ప్రహారము భూవర్గమును బొత్తిగా బాధింపజాలదు. ద్వితీయవర్గము వేఱైనను నియమభంగము కాదు గనుక, ఖేచరవర్గమును గూడ గల జాప్డాస్, జలవర్గమును గూడిన వాష్ రూపపు రోటమ్ దానికి తోడు నిలువగలవు. వీనిలో రోటమ్ మఱింత మెచ్చదగినది, అది భూకంపమును తప్పించుకొనుటయే గాక భూవర్గమును జలధారతో ఎదిరింపగలదు. అయినను ‘మోల్డ్ బ్రేకర్’ గుణముగల ఎక్స్‌కడ్రిల్ యెదుట లెవిటేట్ పనిచేయదు.