మార్చకముందే కొలవాలి: లారీ ఇంజను చెప్పే లెక్క

హుస్నాబాద్ నుంచి కరీంనగర్ పోయే రోడ్డు మీద రోజూ ఎన్నో లారీలు తిరుగుతుంటాయి. కొన్ని వడ్ల బస్తాలు మోస్తాయి, కొన్ని పత్తి మోస్తాయి, కొన్ని గ్రానైటు దిమ్మెలు మోస్తాయి. ఎత్తు వచ్చినప్పుడు ఒక లారీ సులువుగా ఎక్కిపోతుంది. మరొకటి చిన్న గేరులో మూలుగుతూ, పొగ కక్కుతూ ఎక్కుతుంది. వెనకబడిన లారీ యజమానికి తన ఇంజను బలం పెంచుకోవాలని అనిపించడం సహజమే.

అందుకు మార్గాలు కూడా ఉన్నాయి. పాత లారీలలో డీజిల్ పంపును సర్ది, ఇంజనుకు డీజిల్ ఎక్కువగా అందేట్టు చేస్తారు. సైలెన్సరు మారుస్తారు. గాలిని ఒత్తిడితో లోపలికి తోసే టర్బో బిగిస్తారు. కొత్త లారీలలో డీజిల్ ఎంత పోవాలో ఒక చిన్న కంప్యూటరు నిర్ణయిస్తుంది కనుక, అందులోని లెక్కలనే మారుస్తారు. పని ముగిసిన తరువాత "ఎట్లా ఉంది?" అని అడిగితే, "ఇప్పుడు బాగా లాగుతోంది" అని జవాబు వస్తుంది.

ఎంత బాగా? ఈ ప్రశ్న దగ్గరే విజ్ఞానశాస్త్రం మొదలవుతుంది. ఇంజను చప్పుడు పెరిగితే బలం పెరిగినట్టు చెవికి తోస్తుంది. డబ్బు ఖర్చు పెట్టినవారికి ఫలితం కనిపించాలన్న ఆశ ఉంటుంది. ఆ రోజు బరువు కొంచెం తక్కువగా ఉండవచ్చు, గాలి వెనకనుంచి వీస్తూ ఉండవచ్చు. కాబట్టి "అనిపించడం" కొలత కాదు.

అశ్వసామర్థ్యం అంటే?

ఒక సెకనులో యంత్రం ఎంత పని చేస్తుందో దాన్ని సామర్థ్యం అంటాం. జేమ్స్ వాట్ తన ఆవిరి యంత్రాలను అమ్మేటప్పుడు వాటిని గుర్రాలతో పోల్చి చెప్పవలసి వచ్చింది. అలా పుట్టిన కొలతే అశ్వసామర్థ్యం. 76 కిలోగ్రాముల బరువును సెకనుకు ఒక మీటరు చొప్పున పైకి ఎత్తగలిగితే, దాదాపు ఒక అశ్వసామర్థ్యం అవుతుంది. ఇది 746 వాట్లకు సమానం.

కాని లారీ ఇంజను దేనినీ నేరుగా పైకి ఎత్తదు, ఒక ఇరుసును తిప్పుతుంది. తిరిగే ఇరుసు సామర్థ్యం తెలియాలంటే రెండు సంగతులు కావాలి: అది ఎంత బలంగా తిప్పుతోంది, ఎంత వేగంగా తిరుగుతోంది. ఎంత బలంగా తిప్పుతోందో చెప్పేది టార్కు. టార్కును వేగంతో గుణిస్తే సామర్థ్యం వస్తుంది.

ఆపుతూ కొలవడం

తిరిగే ఇరుసు బలాన్ని పట్టుకోవడం ఎట్లా? 1821లో గాస్పార్ ద ప్రోనీ అనే ఫ్రెంచి ఇంజనీరు ఒక చక్కని ఉపాయం చూపించాడు. ఇరుసును రెండు చెక్క దిమ్మెల మధ్య బిగించి, ఆ దిమ్మెలకు ఒక పొడుగాటి కర్ర తగిలించాడు. ఇరుసు తిరుగుతూ కర్రను కూడా తనతో తిప్పుకుపోవాలని చూస్తుంది. కర్ర కొసన బరువులు వేలాడదీసి దాన్ని కదలకుండా నిలబెడితే, ఆ బరువును కర్ర పొడవుతో గుణించి టార్కు తెలుసుకోవచ్చు. అంటే యంత్రాన్ని బ్రేకు వేసి ఆపబోతూ, అది ఎంత పెనుగులాడుతోందో కొలవడమన్నమాట. ఇటువంటి సాధనాన్ని డైనమోమీటరు అంటారు. "బ్రేక్ హార్స్ పవర్" అన్న మాటలో బ్రేకు ఎందుకు వచ్చిందో ఇప్పుడు తెలిసింది కదా!

చెక్క దిమ్మెలు రాపిడికి వేడెక్కిపోతాయి. పెద్ద యంత్రాలకు అవి చాలవు. 1877లో విలియం ఫ్రౌడ్ అనే ఇంగ్లీషు ఇంజనీరు ఓడల ఇంజన్లను కొలవడానికి నీటితో పనిచేసే బ్రేకును రూపొందించాడు. ఆ తరువాత విద్యుదయస్కాంతాలతో పనిచేసే బ్రేకులు వచ్చాయి.

లారీనుంచి ఇంజను విప్పకుండానే కొలిచే పద్ధతి కూడా ఉంది. వెనక చక్రాలను పెద్ద రోలర్ల మీద నిలిపి, లారీని గొలుసులతో కట్టేస్తారు. చక్రాలు తిరిగితే రోలర్లు తిరుగుతాయి, బండి మాత్రం అంగుళం కూడా కదలదు. రోలర్లకు ఉన్న బ్రేకు టార్కును కొలుస్తుంది. ఇంజను వేగం నెమ్మదినుంచి గరిష్ఠం వరకు పెరిగేకొద్దీ సామర్థ్యం ఎట్లా మారిందో ఒక గ్రాఫుగా వస్తుంది.

ముందు కొలత లేకపోతే?

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. ఒక లారీ కంపెనీ కాగితం మీద 130 అశ్వసామర్థ్యం అని రాసి ఉంది. ఇంజనులో మార్పులు చేయించి, తరువాత రోలర్ల మీద పెట్టారు. లెక్క 112 వచ్చింది. యజమాని గుండె జారిపోయింది. బలం 18 తగ్గిందా?

తగ్గిందనీ చెప్పలేం, పెరిగిందనీ చెప్పలేం! కంపెనీ చెప్పిన అంకె ఇంజను దగ్గర కొలిచినది. రోలర్లు కొలిచేది చక్రాల దగ్గర. మధ్యలో గేర్‌బాక్సు, పొడుగు షాఫ్టు, వెనక ఇరుసు ఉన్నాయి. వాటిలో ఘర్షణకు, టైర్ల నలుగుడుకు కొంత సామర్థ్యం వేడిగా మారిపోతుంది. కాబట్టి ఈ రెండు అంకెలను పోల్చకూడదు.

మార్పుకు ముందు అదే రోలర్ల మీద అదే లారీ 104 చూపించి ఉంటే, 8 పెరిగినట్టు. 115 చూపించి ఉంటే, డబ్బు పోయి 3 తగ్గినట్టు. ఆ మొదటి కొలత తీసుకోలేదు కనుక ఇప్పుడు ఎవరూ ఏమీ తేల్చలేరు. ఇంజను విప్పి మార్చేసిన తరువాత నిన్నటి ఇంజనును మళ్ళీ తెచ్చి కొలవలేం కదా!

మొదటి కొలతవల్ల మరో లాభం ఉంది. ఉండవలసిన దానికన్నా సామర్థ్యం బాగా తక్కువ వస్తే, లోపల ఏదో లోపం ఉన్నదని అర్థం. గాలి వడపోసే ఫిల్టరు దుమ్ముతో మూసుకుపోయి ఉండవచ్చు. డీజిల్ చిమ్మే ఇంజెక్టరు సరిగా పనిచేయకపోవచ్చు. అటువంటి లోపాన్ని సరిచేస్తే పోయిన బలం తిరిగి రావచ్చు, అసలు మార్పుల అవసరమే లేకపోవచ్చు. రోగం ఉన్న ఇంజనుకు బలం మందు పోస్తే రోగమే ముదురుతుంది.

పొగ కూడా ఒక గుర్తే. ఒక కిలో డీజిల్ పూర్తిగా మండాలంటే సుమారు 14.5 కిలోల గాలి కావాలి. గాలి పెంచకుండా డీజిల్ మాత్రమే పెంచితే, మండని కార్బను నల్లని పొగగా బయటికి పోతుంది. పిస్టన్లు హద్దు మీరి వేడెక్కుతాయి. అందుకే సామర్థ్యంతోపాటు డీజిల్ ఖర్చును, పొగను కూడా ముందే కొలిచి రాసుకోవాలి.

ఎండ కూడా లెక్కలోకి వస్తుంది

ముందు కొలత చల్లని ఉదయం 27 డిగ్రీల దగ్గర, తరువాతి కొలత మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల దగ్గర తీసుకున్నారనుకోండి. వేడికి గాలి వ్యాకోచిస్తుంది, దాని సాంద్రత దాదాపు 5 శాతం తగ్గుతుంది. ఇంజను పీల్చే గాలి అంతమేరకు పలచనవుతుంది. అప్పుడు ఏ మార్పూ చేయకపోయినా సామర్థ్యం తగ్గి కనిపించవచ్చు. అందుకే గాలి వేడినీ పీడనాన్నీ రాసుకుని, లెక్కను సవరిస్తారు. ఇంజనును బాగా వేడెక్కనిచ్చి, అదే గేరులో, టైర్లలో అంతే గాలితో కొలుస్తారు.

ఒక్కసారి కొలిస్తే చాలదు. మూడుసార్లు కొలిస్తే 103, 105, 104 వచ్చాయనుకోండి. కొలతలోనే ఒకటి రెండు అంకెల తేడా ఉన్నదని తెలుస్తుంది. అప్పుడు మార్పు తరువాత 105 వస్తే, "ఒకటి పెరిగింది" అని సంబరపడకూడదు.

రైతు తెచ్చిన చట్టం

కొలత లేని మాటలవల్ల నష్టపోయినవారు ఊరుకోలేదు. అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో విల్మట్ క్రోజియర్ అనే రైతు ఉండేవాడు. కొన్న ట్రాక్టర్లు అమ్మినవాళ్ళు చెప్పినంత పని చేయక విసిగిపోయాడు. తరువాత ఆయన శాసనసభ్యుడై, మరొక సభ్యుడితో కలిసి 1919లో ఒక చట్టం చేయించాడు. దాని ప్రకారం ఆ రాష్ట్రంలో ట్రాక్టరు అమ్మాలంటే, దాన్ని ముందు విశ్వవిద్యాలయంలో పరీక్షించవలసి ఉండేది. 1920లో పరీక్షలు మొదలయ్యాయి.

మన దేశంలో మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో ట్రాక్టర్లను పరీక్షించే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. అనంతపురం జిల్లా గార్లదిన్నెలోనూ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్ష సంస్థ ఉంది. లారీల విషయంలో ఇంకొకటి గుర్తుంచుకోవాలి. రిజిస్ట్రేషను కాగితంలోని వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని 1988 నాటి మోటారు వాహనాల చట్టం నిషేధిస్తుంది. అది సామర్థ్యం సంగతే కాదు. బలం పెరిగిన లారీని ఆపవలసింది ఆ పాత బ్రేకులే మరి.

మీరే చేసి చూడండి

దీనికి లారీ అక్కరలేదు, సైకిలు చాలు. సైకిలును తలకిందులుగా నిలబెట్టండి. ముందు చక్రం అంచున, ఊచకు ఒక బరువైన బోల్టును గట్టిగా కట్టండి. బోల్టును ఇరుసుకు సరిసమానమైన ఎత్తుకు తెచ్చి, తోయకుండా వదలండి. చక్రం లోలకంలాగా ఊగుతుంది. పూర్తిగా ఆగేదాకా ఎన్నిసార్లు ఊగిందో లెక్కపెట్టి రాసుకోండి. ఇట్లా ఐదుసార్లు చేయండి. ఆ ఐదు అంకెలే మీ ముందు కొలత.

ఇప్పుడు ఇరుసులో నూనె వేసి, చక్రాన్ని కొంతసేపు తిప్పి, అదే బోల్టుతో అదే ఎత్తునుంచి మళ్ళీ ఐదుసార్లు వదలండి. ఊపుల సంఖ్య పెరిగితే ఘర్షణ తగ్గినట్టే. ఎంత తగ్గిందో చెప్పడానికి మీ దగ్గర ఋజువు ఉంది. ముందే నూనె వేసేసిన మీ మిత్రుడి దగ్గర మాత్రం "బాగా తిరుగుతోంది" అన్న మాట తప్ప మరేమీ ఉండదు.