అంచు తెగని అచ్చు

జనగామలో ఒక జిరాక్సు దుకాణమునొద్ద నేను నిలిచియుండగా ఒక రైతు తన భూమి వివరముల కాగితమును తీయించుకొనెను. కంప్యూటరు తెరపై విస్తీర్ణము 2.35 అని స్పష్టముగా ఉన్నది. మన ప్రాంతపు వాడుకలో దాని అర్థము రెండెకరముల ముప్పదియైదు గుంటలు. చేతికి వచ్చిన కాగితముపై మాత్రము 2.3 అని ఉన్నది. చివరి అంకె కుడి అంచు దాటిపోయినది. ఎకరమునకు 40 గుంటలు గదా. 35 గుంటలు 3 అయినచో పోయినవి 32 గుంటలు, అనగా ఎకరములో అయిదింట నాలుగు వంతులు. మూడు గుంటలైనచో 2.03 అని వ్రాయవలెనుగదా అని తెలిసినవారు సందేహింతురు. తొందరలో ఉన్నవారు సందేహింపరు. ఆ రైతు కాగితమును మడిచి జేబులో పెట్టుకొనుచుండగా దుకాణములోని కుర్రవాడే చూచి మరల తీసియిచ్చెను.

మాట తెగినచో తెగినట్లు తెలియును. పేరులో సగము పోయినచో చదువువాడు వెంటనే ఆగును. అంకె అట్లు కాదు. తెగిన అంకెయు నిండు అంకెవలెనే కనబడును. అందుచేతనే ఈ చిన్న విషయమును గూర్చి ఇంత చెప్పవలసివచ్చుచున్నది.

జనగామ, మహబూబాబాదు, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు 2016 అక్టోబరు 11న, ప్రధానముగా పూర్వపు వరంగల్లు జిల్లానుండి, ఏర్పడినవి. భూమి వివరములకై 2020లో ధరణియు, 2025 ఏప్రిల్ 14న దాని స్థానమున భూభారతియు వచ్చినవి. ఒకనాడు పహాణీ చూడవలెనన్న పట్వారీ ఇంటికి పోవలసియుండెను. నేడది తెరమీదికి వచ్చినది. అయినను అది మరల కాగితము కాక తప్పుట లేదు. బ్యాంకులో కాగితము కావలెను, వకీలుకు కాగితము కావలెను, సంబంధము మాటలాడవచ్చినవారు సైతము కాగితమే చూతుమందురు. భూపాలపల్లి గనికార్మికుని జీతపు చీటీకిని, మానుకోట విద్యార్థి హాల్ టిక్కెట్టుకును ఇదే దారి.

ఇక తెగుటకు కారణమేమి? వెబ్ పుటకు నిలుకడైన వెడల్పు లేదు. వాక్యములు తెరను బట్టి ముడుచుకొని, పంక్తి నిండగానే క్రిందికి దిగును. గళ్ల పట్టిక అట్లు దిగలేదు. సర్వే నంబరు, పట్టాదారు పేరు, తండ్రి పేరు, విస్తీర్ణము, భూమి స్వభావము అని వరుసగా గళ్లు పెరిగినకొలది అది ప్రక్కకే సాగును. బ్రౌజరు లెక్కలో అంగుళమునకు 96 పిక్సెళ్లు. ఏ4 కాగితపు వెడల్పు 210 మిల్లీమీటర్లు. ఇరుప్రక్కల పదేసి మిల్లీమీటర్లు విడిచినచో మిగులునది సుమారు 718 పిక్సెళ్లు. పట్టిక 1200 పిక్సెళ్లున్నదనుకొందము. దానిని నిలువు కాగితమున ఇముడ్చుటకు 60 శాతమునకు కుదింపవలెను. ఆ అక్షరములను మా ఇంటి పెద్దలు కళ్లజోడుతోనైనను చదువలేరు. అదే కాగితమును అడ్డముగా, అనగా ల్యాండ్‌స్కేప్‌గా, పెట్టినచో 87 శాతము చాలును. కొన్ని బ్రౌజర్లు కొంతమేరకు తామే కుదించును. ఆ మేర దాటినదంతయు కాగితము వెలుపల పడును. కావున కంట్రోలు, పి మీటలు నొక్కగానే మొదట చూడవలసినది లేఅవుట్. అప్పటికిని ఇమడకున్నచో స్కేలు. కొన్నిట పేజీ వెడల్పునకు సరిపెట్టు వసతి వేరుగా కలదు.

దీనికన్న మోసకారి మరియొకటి ఉన్నది. కొన్ని పుటలలో పట్టిక ఒక చిన్న పెట్టెలో కూర్చుండి, ప్రక్కకు జరుపు పట్టీతో ఉండును. అచ్చులో ఆ క్షణమున కనబడు భాగమే వచ్చుట కలదు. ఎంత కుదించినను దాగిన గళ్లు రావు. అప్పుడు తెరమీది పుటనే జూమ్ తగ్గించి, పట్టిక యావత్తు కనబడునట్లు చేసి, పిమ్మట అచ్చునకు పంపవలెను. ఆ పుటలోనే పి.డి.ఎఫ్. దిగుమతి చేసికొను వీలున్నచో అది అన్నిటికన్న మేలు.

తరువాత కాగితపు కొలత. మన దుకాణములలో నుండునది సాధారణముగా ఏ4. అమెరికావారి లెటర్ కాగితము 216 మిల్లీమీటర్ల వెడల్పు, 279 మిల్లీమీటర్ల పొడవు. పెక్కు కంప్యూటర్లలో ఆ కొలతయే ముందుగా పెట్టియుండును. ఏ4 దానికన్న ఆరు మిల్లీమీటర్లు సన్నము. ఒక అంకె పోవుటకు ఆరు మిల్లీమీటర్లు చాలును. లీగల్ కాగితమున కూర్చినదానిని అసలు కొలతలోనే ఏ4పై తీసినచో పొడవున 59 మిల్లీమీటర్లు నష్టము, సంతకములుండుచోటు అదే. మన సుప్రీంకోర్టు 2020లో లీగల్ కాగితమును విడిచి ఏ4కు మారినప్పుడు కుడియెడమల నాలుగేసి సెంటీమీటర్ల మార్జిన్ విడువవలెనని విధించినది. ఇంత చోటు వృథా యని కొందరనుకొనవచ్చును గాని, కట్ట కట్టిన దస్త్రమును విప్పి చదివినవారు అట్లనరు.

మార్జిన్ అసలే లేకుండ పెట్టినచో అంతయు ఇముడునని కొందరి తలంపు. ప్రింటరు ఉరుళ్లు కాగితమును పట్టి లాగవలెను. అందుచే సాధారణ యంత్రములు చివరి నాలుగైదు మిల్లీమీటర్లపై అచ్చు వేయలేవు. ఆ చోటికి చేరిన అక్షరము పోయినట్లే. దస్త్రమునకు రంధ్రములు పొడుచు యంత్రము సంగతియు మరువరాదు. ప్రమాణము ప్రకారము రంధ్రపు నడిమి చోటు అంచునుండి 12 మిల్లీమీటర్లు. ఎడమవైపు రెండు సెంటీమీటర్లు విడిచినచో సర్వే నంబరునకు చిల్లు పడదు.

ఫోనునుండి దుకాణమునకు పంపువారికి ఒక మాట. తెర ఫోటో పంపకుడు, పి.డి.ఎఫ్. చేసి పంపుడు. ఆ పి.డి.ఎఫ్.ను మీరే ఒకసారి తెరిచి కుడివైపు చివరి గడి ఉన్నదో లేదో చూచుకొనుడు. అచ్చటనే తెగియున్నచో దుకాణమువాడు కాగితమునకు సరిపెట్టు మీట ఎన్నిమారులు నొక్కినను పోయిన అంకె తిరిగి రాదు, సరియైన పి.డి.ఎఫ్.ను అతడు అసలు కొలతలో తీసినచో పోవచ్చును. ఈ రెండు తప్పులును వేరు. మొదటిది ఇంటిలో దిద్దవలసినది. రెండవది డబ్బులిచ్చుటకు ముందు, ఆ బల్లయొద్దనే, తెరను కాగితమును ప్రక్కప్రక్కన పెట్టి కుడివైపు గడిని అంకె అంకెగా సరిచూచి దిద్దించుకొనవలసినది.