డచ్చి ఫలచిత్రములు: పండులో అర్థమును వెదకుట ఎట్లు?

17వ శతాబ్దపు డచ్చి ఫలచిత్రములను వివరించువారు కొందరు ఒక పట్టిక ఇచ్చుచుందురు: ఆపిల్ అనగా ఆదాము పాపము, ద్రాక్ష అనగా క్రీస్తు రక్తము, ఈగ అనగా మరణము. ప్రతి పండునకు ఇట్లు ఒకే అర్థమును నిర్ణయింపవచ్చునా? వాక్యమును వివరించు కాపరులకును ఈ ప్రశ్న ఎదురగును గనుక దీనిని పరిశీలించుచున్నాము.

1. చారిత్రక నేపథ్యము

1566లో నెదర్లాండ్స్‌లోని అనేక దేవాలయములలో ప్రతిమలు, చిత్రములు ధ్వంసము చేయబడెను. తరువాత ఉత్తర ప్రాంతములలో రిఫార్మ్‌డ్ సంఘము ప్రధానమైనందున బలిపీఠ చిత్రములు గీయించువారు తగ్గిపోయిరి. చిత్రకారులు గృహస్థుల కొరకు పండ్లు, పువ్వులు, భోజనపు బల్లలు విరివిగా గీసిరి. అయితే సంస్కరణ ఒక్కటే దీనికి కారణము కాదు. వర్తకము వలన సంపద పెరిగెను. కాథలిక్కు నగరమైన ఆంట్‌వెర్ప్‌లో కూడ ఇట్టి చిత్రములు వర్ధిల్లెను.

2. మూడు ఉదాహరణలు

(అ) బాల్తసార్ వాన్ డెర్ ఆస్ట్ చిత్రములలో మచ్చలుపడిన ఆపిల్ పండ్లు, పురుగులు, ఈగలు కనబడును. ప్రసంగి గ్రంథము ఎరిగిన చూపరికి లోకము గతించునని తోచవచ్చును. అయితే వాటి ప్రక్కనే అరుదైన గవ్వలును ఉన్నవి. అవి ఆనాటి సంపన్నులు ముచ్చటపడి సేకరించినవి. పుర్రె, గడియారము ఉన్న ‘వానిటాస్’ చిత్రములలో హెచ్చరిక స్పష్టము. పండ్లు మాత్రమే ఉన్నచోట అంత స్పష్టత లేదు.

(ఆ) ఉట్రెక్ట్‌లో పుట్టి ఆంట్‌వెర్ప్‌లో స్థిరపడిన యాన్ డావిడ్స్ డే హేమ్ 1648లో గీసిన చిత్రము వియన్నాలో ఉన్నది. దాని మధ్య ప్రభురాత్రి భోజనపు పాత్రయు రొట్టెయు, చుట్టు గోధుమ వెన్నులు, ద్రాక్షగుత్తులు ఉన్నవి. ఇచ్చట ద్రాక్ష అర్థమును పాత్రయే తెలుపుచున్నది.

(ఇ) కొన్ని డచ్చి కుటుంబ చిత్రములలో ద్రాక్షగుత్తిని కాడతో పట్టుకొని చూపుదురు. కవి యాకోబ్ కాట్స్ రచనల ఆధారముగా ఇది శీలమునకు, వివాహ పవిత్రతకు గుర్తని ఎడ్డీ డే యోంగ్ 1974లో వివరించెను. పండు ఒకటే, అర్థము వేరు.

3. పండితుల వాదము

డే యోంగ్ మరుగైన నీతిని వెదకగా, స్వెట్లానా ఆల్పర్స్ 1983లో డచ్చి కళ ముఖ్యముగా కంటికి కనబడు లోకమును వర్ణించునదని వాదించెను. మా అభిప్రాయములో ఏ ఒక్క పక్షమును ప్రతి చిత్రమునకు వర్తింపజేయరాదు.

ముగింపు

పులిసిన పిండి మత్తయి 13:33లో పరలోక రాజ్యమునకు పోలిక. 16:6లో పరిసయ్యుల, సద్దూకయ్యుల బోధకు గుర్తు. పట్టికను బట్టి బోధించువాడు రెంటిలో ఒకచోట తప్పక పొరబడును, సంఘము ఆ పొరబాటునే వాక్యముగా నమ్మును. కావున ప్రక్కన ఏమున్నది, ఎవరి కొరకు చేయబడినది, వారు ఏ మాటలు ఎరిగియుండిరి అను మూడు ప్రశ్నలు ముందుగా అడుగవలెను. వీటికి జవాబు దొరకనిచోట పండును పండుగానే చూచి, దానిని కలుగజేసిన దేవుని స్తుతించుట చాలును.