రెండు కొండలు – ఒకే తేదీ

దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియా నగరం చేరువలో ఒక కొండమీద ఫూర్‌ట్రెక్కర్ స్మారకం ఉంది. దూరం నుంచి చూస్తే రాతికోటే అనుకున్నాను. ఎత్తు 40 మీటర్లు. బ్రిటిష్ పాలన గిట్టక 1830లలో కేప్ కాలనీ వదలి, ఎడ్లబండ్లమీద లోనాడుకు తరలిపోయిన బోయర్ల జ్ఞాపకార్థం కట్టి, 1949లో ప్రారంభించారు. చుట్టూ ప్రహరీమీద 64 బండ్లు చెక్కారు. దాడి జరిగితే బండ్లను వలయంగా నిలిపి, వాటి చాటునుంచి పోరాడేవారన్నమాట.

లోపల 27 పాలరాతి ఫలకాలు. వాటిలో జులూలూ ఉన్నారు, కాని ఎక్కువగా శత్రువులుగానే! కింది అంతస్తులో ఖాళీ సమాధి. ఏటా డిసెంబరు 16 మధ్యాహ్నం గుమ్మటం రంధ్రంలోంచి సూర్యకిరణం సరిగ్గా దానిమీద పడుతుంది. 1838లో ఆ రోజునే బోయర్లు జులూలను ఓడించారు. చనిపోయిన జులూలు సుమారు 3,000 మంది.

ఇంతటితో తిరిగి వచ్చేద్దామనుకున్నాను. ఎదురుగా సాల్వోకాప్ కొండ కనిపించింది. అక్కడి ఫ్రీడమ్ పార్కులో, గోడలమీద స్వేచ్ఛకోసం ప్రాణాలిచ్చిన వేలాదిమంది పేర్లున్నాయి. మండేలా సహచరులు సాయుధపోరాటం మొదలుపెట్టిందీ డిసెంబరు 16నే, 1961లో! 1995 నుంచి ఆ తేదీ సయోధ్యదినం. పాత స్మారకాన్ని కూల్చలేదు. 2011లో రెండు కొండలను కలుపుతూ రోడ్డు వేశారు.

మొదటి కొండ దగ్గరే ఆగిపోయి ఉంటే, ఆ దేశం పుట్టుకలో సగం కథే విని వచ్చేవాణ్ణి కదా!