బొమ్మ ఇచ్చి చూడు

1924లో అమెరికాలోని బోస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియం 27 ఫొటోలను తన సేకరణలో చేర్చుకుంది. ఈ రోజు వింటే ఇదేమంత విశేషమా అనిపిస్తుంది. ఆనాడు విశేషమే. కుంచె పట్టినవాడు చిత్రకారుడు, ఉలి పట్టినవాడు శిల్పి, మీట నొక్కేవాడు కళాకారుడెలా అవుతాడని పెద్ద పెద్ద మ్యూజియాలే అడిగే రోజులవి. ఆ ఫొటోలు తీసిందీ ఇచ్చిందీ న్యూయార్క్‌కు చెందిన ఆల్ఫ్రెడ్ స్టీగ్లిట్జ్. అడిగి తెప్పించుకున్నది మాత్రం మన పాఠకులు బాగా ఎరిగిన మనిషి, ఆనంద కుమారస్వామి. 1917 నుంచి ఆ మ్యూజియంలో భారతీయ కళల బాధ్యత చూస్తున్న ఆయన తానూ ఫొటోలు తీసేవాడు. నటరాజ విగ్రహంలో ఏముందో ప్రపంచానికి విప్పి చెప్పిన ఆ కళ్లే, స్టీగ్లిట్జ్ ఫొటోల్లో ఉన్నదేమిటో కూడా పసిగట్టాయి.

దానం అనగానే మనకు ఇచ్చే చెయ్యే గుర్తొస్తుంది. కళాకారులు, సేకర్తలు తమ ప్రింట్లను (రేకు మీదో చెక్క మీదో చెక్కి సిరాతో అచ్చు తీసిన బొమ్మలను), ఫొటోలను మ్యూజియాలకు ఇచ్చిన కథలు తిరగేస్తే, అడిగినవారికీ అంతే పాత్ర ఉందని తెలుస్తుంది. ఇచ్చాక కనిపెట్టుకుని ఉన్నవారి పాత్ర ఇంకా పెద్దది.

స్టీగ్లిట్జ్ ఆ ఫొటోలను కట్ట కట్టి పంపేయలేదు. ఏ ప్రింటు వెళ్లాలో తనే ఎంచాడు. ఏ అట్ట మీద ఎంత అంచు వదిలి అమర్చాలో అదీ ఆయన పట్టింపే. ఆయన దృష్టిలో ఫొటో అంటే చీకటిగదిలో నిలబడి, వెలుగు ఎక్కడ ఆగాలో నీడ ఎక్కడ మొదలవ్వాలో తేల్చుకుంటూ తన చేత్తో కాగితం మీదికి తెచ్చిన ఆ ఒక్క ప్రింటు. అదే నెగెటివ్ నుంచి మరొకరు తీస్తే అది మరో వస్తువు. ఇంత పట్టుదల లేకపోతే ఫొటోకి మ్యూజియం గోడ దక్కేది కాదని నా నమ్మకం.

ఆయన 1903 నుంచి 1917 దాకా ‘కెమెరా వర్క్’ పత్రికను 50 సంచికలు నడిపాడు. అందులో చాలా ఫొటోలు ఫొటోగ్రావ్యూర్లు, అంటే ఫొటోను రాగి రేకు మీదికి ఎక్కించి సిరాతో అచ్చు తీసినవి. ఫొటోకీ ప్రింటుకీ మధ్య గోడ లేదని ఆ పేజీలే చెబుతాయి. పత్రిక మూతపడే నాటికి చందాదారులు 40 మంది కూడా మిగల్లేదు. న్యూయార్క్ ఫిఫ్త్ అవెన్యూలో ‘291’ పేరుతో నడిపిన చిన్న గ్యాలరీ కూడా అదే ఏడాది మూతపడింది. మిగిలింది ఎడ్వర్డ్ స్టైకెన్, గెర్ట్రూడ్ కాసెబియర్, క్లారెన్స్ వైట్ వంటి తోటి ఫొటోగ్రాఫర్ల ప్రింట్లు. వాటిని గోదాములో పెట్టి ఏళ్ల తరబడి అద్దె కట్టాడు. 1933కి ఆ భారం మోయలేక వదిలించుకోవాలనుకున్నాడు. అప్పుడు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ప్రింట్ల విభాగాధిపతి విలియం ఐవిన్స్ ముందుకొచ్చి 400 పైచిలుకు ఫొటోలను దక్కించుకున్నాడు. స్టీగ్లిట్జ్ ఆ మ్యూజియానికి 1928లోనే ఫొటోలు ఇచ్చి ఉన్నాడు. ఈనాటి మెట్రోపాలిటన్ ఫొటో విభాగానికి ఈ దానాలే పునాది.

1946లో స్టీగ్లిట్జ్ పోయాడు. వారసత్వమంతా భార్య, చిత్రకారిణి జార్జియా ఓకీఫ్ మీద పడింది. ఆమె తన కుంచె పక్కన పెట్టి దాదాపు మూడేళ్లు ఆ పనిలోనే ఉంది. భర్త అట్టకు అమర్చి ఉంచుకున్న ప్రతి ఫొటోకీ ఉన్న ప్రతుల్లో అన్నింటికన్నా మంచిదాన్ని ఎంచింది. అలా ఎంచిన వాటిని వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీకి 1949లో ఇచ్చింది, 1980లో మరికొన్ని చేర్చింది. మొత్తం 1,642 ఫొటోలు. కుర్రతనంలో తీసినవాటి నుంచి చివరిదశలో తీసిన న్యూయార్క్ భవనాల దాకా ఒక మనిషి చూపు ఎలా మారిందో ఒకే చోట కూర్చుని చూడొచ్చు. మిగతావాటిని ఒకే చోట కుప్ప పోయకుండా షికాగో, ఫిలడెల్ఫియా, శాన్‌ఫ్రాన్సిస్కో, బోస్టన్ మ్యూజియాలకు పంచింది. ఇన్ని దానకథల్లో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఈ మూడేళ్ల ఏరివేతే. ఇచ్చే గుణం చాలామందికి ఉంటుంది. ఏరడానికి కావలసిన ఓపిక అందరికీ ఉండదు.

అదే ఓకీఫ్ ఇచ్చిన మరో దానం కోర్టుకెక్కింది. 1949లో ఆమె నాష్‌విల్‌లో నల్లజాతి విద్యార్థుల కోసం నడిచే ఫిస్క్ విశ్వవిద్యాలయానికి 101 కృతులు ఇచ్చింది. పికాసో, సెజాన్, రెన్వార్ పనులతో పాటు స్టీగ్లిట్జ్ ఫొటోలూ వాటిలో ఉన్నాయి. అమెరికా దక్షిణాది మ్యూజియాల్లో నల్లవారికి ప్రవేశమే కష్టంగా ఉన్న కాలంలో అది ధైర్యం చేసి ఇచ్చిన కానుక. అమ్మరాదు, విడదీయరాదు అని షరతులు పెట్టింది. అరవై ఏళ్లు తిరక్కుండానే విశ్వవిద్యాలయం అప్పుల్లో పడింది. సేకరణ కాపాడే ఖర్చే మోయలేనిదైంది. 2005లో మొదలైన వ్యాజ్యం ఏళ్ల తరబడి సాగి, 2012లో ఆర్కన్సాలోని క్రిస్టల్ బ్రిడ్జెస్ మ్యూజియం 3 కోట్ల డాలర్లు చెల్లించి సగం హక్కు తీసుకోవడంతో ముగిసింది. ఇప్పుడు ఆ బొమ్మలు రెండేళ్లు ఫిస్క్‌లో, రెండేళ్లు క్రిస్టల్ బ్రిడ్జెస్‌లో ఉంటాయి. ఓకీఫ్ షరతుల్లో తప్పు లేదు. ఫిస్క్ అవసరమూ అబద్ధం కాదు. బొమ్మలతో పాటు వాటి పోషణకు నాలుగు డబ్బులు కూడా కేటాయించే ఏర్పాటు ఉంటే ఇంత గొడవ వచ్చేది కాదు. ఆవును దానమిచ్చినవాడు గడ్డి మాట కూడా ఆలోచించాలి.

ప్రింట్ల సేకర్తల్లో, ఇచ్చాక పోషణ కూడా చూడాలన్న సంగతి బాగా తెలిసినవాడు లెసింగ్ రోజెన్‌వాల్డ్. సియర్స్ రోబక్ కంపెనీ చైర్మన్‌గా ఉండి, 1939లో వ్యాపారం వదిలేసి పూర్తికాలం ప్రింట్ల పనిలో మునిగిపోయాడు. డ్యూరర్, రెంబ్రాంట్, బ్లేక్ వంటివారి పనులు ఎక్కడ మంచి ప్రతి కనబడినా తెచ్చేవాడు. 1943లోనే తన సేకరణను నేషనల్ గ్యాలరీకి రాసిచ్చాడు. రాసిచ్చాక కూడా ఫిలడెల్ఫియా దగ్గర తన ఆల్వర్‌థార్ప్ భవనంలో ఉంచి, చూడవచ్చినవారికి చూపిస్తూ, 1979లో కన్నుమూసేదాకా పెంచుతూనే వచ్చాడు. చివరికి లెక్క 22,000 దగ్గర తేలింది. తన పేర మ్యూజియం కట్టించుకునే స్తోమత ఉండీ ఆ పని చేయలేదు. దేశం మొత్తానికి చెందిన గ్యాలరీకి ఇస్తే పదిమంది పరిశోధకులు వాడుకుంటారన్నదే ఆయన లెక్క.

దాతల మంచితనం ఒక్కదాని మీదే ఇదంతా నడవదు. చట్టం కూడా చెయ్యి పట్టుకోవాలి. 1969కి ముందు అమెరికాలో కళాకారుడు తన బొమ్మను మ్యూజియానికిస్తే, దాని మార్కెట్ ధర మేరకు పన్ను లెక్కలో తగ్గింపు వచ్చేది. రాజకీయ నాయకులు తమ కాగితాలు గ్రంథాలయాలకిచ్చి పన్ను తగ్గించుకుంటుంటే, దానికి అడ్డుకట్ట వేయడానికి ఆ ఏడాది చట్టం మార్చారు. దెబ్బ కళాకారులకూ తగిలింది. అప్పటి నుంచి వెయ్యి డాలర్ల ప్రింటును సేకర్త ఇస్తే నిబంధనల మేరకు వెయ్యి డాలర్ల తగ్గింపు. అదే ప్రింటును గీసినవాడే ఇస్తే కాగితానికీ సిరాకీ అయిన ఖర్చు మాత్రమే. ఆ కళాకారుడు చనిపోతే ఇంట్లో మిగిలిన అవే బొమ్మలకు వారసత్వ పన్ను కోసం మార్కెట్ ధర కడతారు. ఈ మార్పుకు ముందు మూడేళ్లలో న్యూయార్క్ మోడర్న్ ఆర్ట్ మ్యూజియానికి కళాకారులు 321 కృతులు ఇచ్చారు. తర్వాతి మూడేళ్లలో వచ్చినవి 28. సెనెటర్ పాట్రిక్ లేహీ ఈ అన్యాయాన్ని సరిచేయడానికి పదేపదే బిల్లు పెట్టాడు, నెగ్గలేదు. మన దగ్గర విరాళాలపై ఆదాయ పన్ను మినహాయింపు డబ్బు రూపంలో ఇచ్చినవాటికే ఉంది. బొమ్మ ఇస్తే గీసినవారికీ లేదు, సేకరించినవారికీ లేదు. ఇది మారాలి.

ఇన్ని ప్రింట్లు తీసుకున్న మ్యూజియం వాటిని రోజూ గోడకు వేలాడదీయదు. కొందరు దాతలు దీనికి నొచ్చుకుంటారు కూడా. కానీ కాగితానికి వెలుతురే శత్రువు. సిరా వెలిసిపోతుంది, కాగితం పసుపెక్కుతుంది. అందుకే ప్రదర్శనలో వెలుగును 50 లక్స్ దగ్గర, అంటే బాగా మసకగా ఉంచి, కొన్ని నెలలు చూపించి, తర్వాత ఏళ్ల తరబడి చీకట్లో విశ్రాంతినిస్తారు. ఆమ్లం లేని అట్టల మధ్య పెట్టి, పెట్టెల్లో పడుకోబెడతారు. అయినా అవి అందకుండా పోవు. మంచి మ్యూజియాల్లో ప్రింట్ రూమ్ ఉంటుంది. ముందుగా రాసి సమయం తీసుకుంటే, అసలు రెంబ్రాంట్ ఎచింగ్‌ను (రాగి రేకు మీద ఆమ్లంతో గీత తినిపించి తీసిన అచ్చును) అద్దం అడ్డులేకుండా బల్ల మీద పెట్టి చూపిస్తారు. నా దృష్టిలో మ్యూజియం అసలు విలువ తెలిసేది ఆ గదిలోనే.

ప్రింటుకు ఇంకో గొప్ప గుణముంది. ఒకే ప్లేటు నుంచి 50 ప్రతులు తీస్తే 50కి 50 అసలువే. కాబట్టి ఒక ప్రతి పారిస్‌లో ఉన్నా మరొకటి సొంతూరికి రావచ్చు. ఈ మాట అన్నప్పుడల్లా నాకు ఎన్. కృష్ణారెడ్డి గుర్తొస్తారు. 1925లో చిత్తూరు దగ్గరి నందనూరులో పుట్టారు. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ శిష్యుడు. లండన్ మీదుగా పారిస్ వెళ్లి, స్టాన్లీ విలియం హేటర్ నడిపే ఆటెలియె 17లో చేరారు. అంతకుముందు రంగుల ప్రింటు తీయాలంటే రంగుకో ప్లేటు వాడటం మామూలు. కృష్ణారెడ్డి, కైకో మోతీ తదితరులు అక్కడ రూపుదిద్దిన పద్ధతిలో ఒకటే ప్లేటు. దాన్ని శిల్పంలా ఎత్తుపల్లాలుగా చెక్కి, నూనె ఎక్కువున్న సిరాను, తక్కువున్న సిరాను మెత్తటి రోలరుతో, గట్టి రోలరుతో ఎక్కిస్తారు. చిక్కదనాల్లో తేడా వల్ల సిరాలు ఒకదాన్నొకటి దూరంగా నెట్టుకుంటాయి. ఒక్క ఒత్తుడుతో రంగులన్నీ కాగితం మీద విచ్చుకుంటాయి. ప్రపంచంలో ప్రింట్‌మేకింగ్ నేర్పే చోట్ల నేటికీ ఈ పద్ధతి పాఠంగా చెబుతారు. 2018లో న్యూయార్క్‌లో కన్నుమూసిన ఆయన పనులు అక్కడి పెద్ద మ్యూజియాల్లో ఉన్నాయి. 2016లో హేటర్, జరీనా హష్మీలతో కలిపి ఆయన ప్రింట్లకు మెట్రోపాలిటన్ ప్రదర్శన పెట్టింది. ఆయన పుట్టిన జిల్లాలో బడిపిల్లలకు ఆయన పేరు ఎంతమందికి తెలుసు? తెలంగాణ వైపు చూస్తే, మెదక్ జిల్లా నిజాంపూర్ నుంచి వచ్చిన లక్ష్మాగౌడ్ ఎచింగ్‌లు మన పల్లె మనుషుల్ని, మేకల్ని, చెట్లను ఎన్నడూ చూడని గీతతో చూపించాయి. ఇలాంటివారి ప్రింట్లు వరుసగా చూసే గది తెలుగు నేలపై ఉండి తీరాలి.

మన దేశంలో ఇచ్చినవారు లేకపోలేదు. తొలితరం మహిళా ప్రెస్ ఫొటోగ్రాఫర్ హోమై వ్యారావాలా, స్వాతంత్ర్యం నాటి ఢిల్లీని కళ్లకు కట్టిన తన ఫొటోలను 2010లో ఆల్కాజీ ఫౌండేషన్‌కు అప్పగించారు. బెంగళూరులో 2023లో తలుపులు తెరిచిన మ్యాప్ మ్యూజియానికి అభిషేక్ పొద్దార్ ఇచ్చిన సొంత సేకరణే ఆధారం. అది తెరిచినప్పటి ప్రదర్శనల్లో ఒకటి, ప్రింట్‌మేకర్‌గానూ ఫొటోగ్రాఫర్‌గానూ పేరున్న జ్యోతి భట్ ఫొటోలది. హైదరాబాద్‌లో జగదీశ్ మిత్తల్, కమలా మిత్తల్ దంపతులు తమ జీవితకాలపు సేకరణను 1976లోనే ట్రస్టుకు అప్పజెప్పి మ్యూజియంగా మార్చారు. రాజమండ్రిలో 1925లో, ముప్పై నిండకుండానే పోయిన దామెర్ల రామారావు చిత్రాలు నేటికీ ఒక చోట కనబడుతున్నాయంటే, భార్య సత్యవాణి, వరదా వెంకటరత్నం వంటి మిత్రులు వాటిని చెదిరిపోనివ్వకపోవడం వల్లే. నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ స్టూడియోకు చెందిన 2,857 గాజు నెగెటివ్‌లను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం తీసుకుంది. అవి బతికాయి, సంతోషం. అయినా హైదరాబాద్ చరిత్ర చూడటానికి హైదరాబాదీ ఢిల్లీ వెళ్లాలి.

ఎవరికీ ఇవ్వకుండా, ఏ ఏర్పాటూ చేయకుండా వదిలేస్తే ఏమవుతుందో షికాగోలో తేలింది. పిల్లల ఆయాగా బతికిన వివియన్ మేయర్ రహస్యంగా తీసిన వేల ఫొటోల పెట్టెలు, గోదాము అద్దె కట్టనందుకు 2007లో వేలానికొచ్చాయి. కొన్నవారి చలవతో లోకం ఆమెను గుర్తించింది గానీ అప్పటికే ఆమె లేదు. కాపీరైట్ ఎవరిదన్న తగువు ఏళ్లపాటు నడిచింది.

అందుకే ఇచ్చేవారికి కొన్ని మాటలు. ప్రింటు ఇచ్చినంత మాత్రాన కాపీరైట్ ఇచ్చినట్టు కాదు. అది మీ దగ్గర ఉంచుకుంటారో, మ్యూజియానికి రాసిస్తారో దానపత్రంలో విడిగా రాయండి. షరతులు తక్కువ పెట్టండి, పెట్టినవి స్పష్టంగా పెట్టండి. ఎవరు తీశారు, ఎప్పుడు, ఎక్కడ, ఫొటోలో ఉన్నదెవరు అన్నది వెనక వైపు మెత్తటి పెన్సిల్‌తో రాయండి. బాల్‌పెన్ వద్దు, ఒత్తిడికి ముందువైపు గీత తేలుతుంది. నెగెటివ్‌ల నుంచి వెనిగర్‌లా పుల్లటి వాసన వస్తుంటే ఫిల్మ్ పాడవడం మొదలైనట్టే. వాటిని మిగతావాటి నుంచి వేరు చేసి, ఆలస్యం చేయకుండా నిపుణులకు చూపించండి.

మ్యూజియాలు నడిపేవారికీ ఒక మాట. అడగందే అమ్మయినా పెట్టదు. మన ఊళ్లలో మూతపడ్డ ఫొటో స్టూడియోల యజమానుల పిల్లలు, కాలం చేసిన చిత్రకారుల భార్యాపిల్లలు ఆ పెట్టెలను ఏం చేయాలో తెలియక అటకల మీద ఉంచుకున్నారు. వారి గడపకు వెళ్లి అడగండి. తీసుకున్నదానికి రసీదు, జాబితా ఇవ్వండి. విజయవాడ బాపు మ్యూజియంలో ఒకటి, హైదరాబాద్ స్టేట్ మ్యూజియంలో ఒకటి, చల్లగా పొడిగా ఉండే ఒక్కో గదిని ప్రింట్లకు, ఫొటోలకు కేటాయించి, అడిగినవారికి బల్ల మీద పెట్టి చూపించే మనిషిని నియమించండి. రెండు తెలుగు ప్రభుత్వాలూ తలచుకుంటే ఒక్క బడ్జెట్‌లో అయ్యే పని ఇది.